అయిందా అని అడిగితే

ఆఫీసులో ఆమెను సుడిగాలి అంటారు. ఇంట్లో కూడా అంతే. ఒక్క గుక్కలో నాలుగు పనులు చెప్పి, ఐదోది ఎందుకు కాలేదని కోప్పడే మనిషి. పనికి మాత్రం వంక పెట్టలేం.

నీటి పరీక్షల ల్యాబులో ఆమె గదిలో ఒక ముసలి యంత్రం ఉంది. నీళ్ళలోంచి కాంతిని పంపి, అందులో ఇనుము ఎంత కలిసిందో చెబుతుంది. దాని బటన్లన్నీ చచ్చిపోయాయి. లోపల మాత్రం గుండ్రాయిలా ఉంది.

"బటన్లు పోతే ఏం సార్, కంప్యూటర్లో ఆదేశాలు టైపు చేసి నడుపుతాను," అంది పెద్దసారుతో.

"సాయంత్రంలోగా ఒక్క సరైన అంకె చూపించమ్మా. లేదంటే దాన్ని పాత సామాన్లవాడు పట్టుకుపోతాడు. గదికి తాళమేసి నిన్ను స్టోరుకు పంపుతా," అన్నాడాయన.

ఆ గదంటే ఆమెకు ప్రాణం. కేబుల్ తగిలించింది. దీపం వెలిగించు, రంగు అద్దాల చక్రం తిప్పు, కొలిచి చూడు, అంకె చెప్పు అని ఆదేశాలన్నీ గడగడా పంపేసింది. దీపం వెలిగింది. ఆ తర్వాత యంత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఎన్నిసార్లు ఆపి మొదలుపెట్టినా అదే తంతు.

మధ్యాహ్నానికి సామాన్లవాడి తోపుడుబండి గుమ్మంలోకి వచ్చేసింది. అప్పుడే భర్త ఫోను.

"ఇదిగో, పొద్దున దుప్పట్లు నానబెట్టమన్నావు. అంతవరకే గుర్తుంది. ఆ తర్వాత ఏం చెప్పావు?"

"ఇంతసేపూ అక్కడే ఆగిపోయారా? ఒకటయ్యాక ఒకటి చెయ్యడానికి ఏం రోగం?"

"ఒకటయ్యాక ఒకటి చెబితే చేసేవాణ్ణే. నువ్వు ఊపిరి తీసుకోనిస్తేగా!"

తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. దీపం వేడెక్కాలి కదా! అది ఆ పనిలో ఉండగా తను పంపినవన్నీ గాలికి పోయాయి. పని అయిందా అని యంత్రాన్ని అడిగే చిన్న ఆదేశం ఒకటుంది. ఈ మర్యాదలన్నీ మనకెందుకని తనే దాన్ని వదిలేసింది.

ఈసారి ఒక్కటే పంపింది. దీపం వెలిగించు. తర్వాత, అయిందా? తెర పలకలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఆ కూర్చోవడం ఎంత కష్టమో, పగవాడికి కూడా వద్దు. కాసేపటికి తెర మీద అయిందని జవాబు పడింది. చక్రం తిప్పు. అయిందా? అయింది. కొలిచి చూడు. అయిందా? అయింది. అంకె చెప్పు.

చెప్పింది! పరీక్ష కోసం పెట్టిన సీసా మీద ఇనుము ఎంతని రాసి ఉందో, తెర మీదా అంతే. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సార్!" అని వేసిన కేకకు పెద్దసారు చేతిలోని టీ ఒలికింది. ఆయన నమ్మక ఇంకో సీసా పెట్టించాడు, మరొకటి పెట్టించాడు. అన్నీ సరిపోయాయి.

"గది నీదేనమ్మా," అన్నాడు చివరికి.

సామాన్లవాడు ఉత్తచేతులతో వెళ్ళనని మొండికేసి, పెద్దసారు గదిలోని విరిగిన కుర్చీని ఎక్కించుకుపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, "ఉతికిన దుప్పట్లు ఆరెయ్యండి," అంది. అని ఊరుకుంది. ఆయన ఆరేసి వచ్చేదాకా గుమ్మంలో అలాగే నిలబడింది.

"అయిందా?" అంది మెల్లగా.

ఆయన కంగారుగా ఆమె నుదురు తాకి చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా?"

"భేషుగ్గా ఉంది. గెలిచొచ్చాను," అంది సుడిగాలి.