అత్తా అల్లుడూ, బూజు పట్టిన కుండీలూ

ఆ అత్తాఅల్లుళ్లకు ఒకరంటే ఒకరికి ఎంత మర్యాదంటే, ఇద్దరూ ఒకే గదిలో ఉంటే మూడోవాళ్లకు ఊపిరాడేది కాదు. "కూర్చోండి అత్తయ్యగారూ" అని అతనంటే, "ముందు మీరు కూర్చోండి బాబుగారూ" అని ఆవిడ అనేది. చివరికి ఇద్దరూ నిలబడే కాఫీ తాగి కప్పులు కింద పెట్టేవారు.

అల్లుడిది కళ్లజోళ్ల దుకాణం. భార్య ఉద్యోగం పనిమీద కొన్ని వారాలు వేరే ఊరు వెళుతూ, ఇంటికి తోడుగా తల్లిని పిలిపించి, వంటింటి కిటికీలో ఉన్న మూడు కుండీలను మొగుడికి అప్పజెప్పింది. అవి పురుగుల్ని తినే మొక్కలు. ఒకటి కోరలున్న నోళ్లు తెరుచుకుని కూర్చుంటుంది. ఒకదానికి ఆకుల చివర చిన్న చిన్న కూజాలు వేలాడతాయి. మూడోదాని ఆకుల నిండా జిగురు చుక్కలు మెరుస్తుంటాయి.

"కింద పళ్లెంలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యి. ఎరువు వెయ్యకు. వాటి తిండి అవే చూసుకుంటాయి. నువ్వేం కంగారుపడకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది.

కంగారుపడే రోజు రానే వచ్చింది. ఒక ఉదయం చూస్తే కుండీల్లో మట్టిమీద దూది పరిచినట్టు తెల్లగా ఏదో పట్టింది. అల్లుడు హడలిపోయాడు. దుకాణంలో వాడే భూతద్దం తెచ్చి కంటికి ఆనించుకున్నాడు. దగ్గరగా చూసేసరికి భయం రెట్టింపయింది. సన్నటి దారాలు, దారాల చివర గుండుసూది మొనలంత చుక్కలు.

"ఏమైందండీ?" అని వెనకనుంచి అత్తగారు.

"బూజండీ."

"గోడమీద బూజైతే చీపురుతో దులుపుతాం. మట్టిమీద బూజుని ఏం చేస్తారండీ?"

"అదే నాకూ తెలియడంలేదండీ."

ఆవిడ ఎందుకో నేలచూపులు చూస్తోంది. అల్లుడు అది గమనించలేదు. అతనూ నేలచూపులే చూస్తున్నాడు మరి.

భార్య చెవిన పడేలోపు సంగతి తేల్చుకోవాలని ఇద్దరూ కుండీలు చేతుల్లో పట్టుకుని మొక్కల నర్సరీకి బస్సెక్కారు. ఎదురుసీటు ఆయన ఆ కోరల వంక చూసి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఇవి కరుస్తాయామ్మా?"

"మనుషుల్ని ఇంకా కరవలేదండీ" అంది అత్తగారు గంభీరంగా. ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అల్లుడికి నవ్వు తన్నుకొచ్చింది కానీ, అత్తగారి ముందు బాగుండదని దగ్గుగా మార్చేశాడు.

నర్సరీ నడిపే ఆవిడ కుండీలను బల్లమీద పెట్టించుకుని, కళ్లు చికిలించి చూసింది.

"వీటికేమైనా తినిపించారా?"

"అబ్బే" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఆవిడ చెంచాతో బూజు పక్కకు తీసి, అడుగునుంచి పచ్చటి ముద్దొకటి పైకెత్తి వాసన చూసింది. "ఉడికిన గుడ్డు. పచ్చసొన." తర్వాత కూజా మొక్క కుండీలో గెలికి తెల్లటి తునక తీసింది. "ఇది చీజు."



"కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది కదండీ" అని అత్తగారు మెల్లగా మొదలుపెట్టింది. "ఒక్క పురుగు రాదు. నోళ్లు తెరుచుకుని పస్తులుంటుంటే చూడలేక, రోజూ చిటికెడు పచ్చసొన పెట్టాను. మీరు దుకాణానికి వెళ్లాక."

"నేనూ చీజు పెట్టానండీ. పొద్దున్నే మీరు స్నానానికి వెళ్లినప్పుడు."

"అంటే పొద్దున చీజు, మధ్యాహ్నం గుడ్డు" అంది నర్సరీ ఆవిడ. "మా ఇంట్లో నాకే దిక్కులేదు ఈ భోజనం."

అత్తగారు ముందు ముక్కుతో నవ్వింది. అల్లుడు ఈసారి దగ్గాలని చూశాడు, కుదరలేదు. ఇద్దరూ బల్ల చెరోవైపు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఒకరు ఆపితే రెండోవాళ్లు "చీజు" అనేవాళ్లు, మళ్లీ మొదలు.

నర్సరీ ఆవిడ ఓపిగ్గా ఆగి చెప్పింది. "మొక్కలకేం కాలేదు. మీరు పోషించింది బూజుని. పైమట్టి వేలిమందం తీసేసి కొత్త ఎండునాచు పరవండి. పళ్లెంలో నీళ్లు తగ్గించండి. కిటికీ తెరవండి, గాలి ఆడాలి. ఇంకేం పెట్టకండి. ఈగ దొరికితే అవే తింటాయి, దొరక్కపోతే ఊరుకుంటాయి."

ఇంటికొచ్చి బల్లమీద పాత పేపర్లు పరిచారు. కళ్లజోళ్లు బాగుచేసే చిన్న పట్టుకారుతో అల్లుడు బూజు తీస్తుంటే, నుదుటికి భూతద్దం కట్టుకుని అత్తగారు "ఎడమపక్క, ఎడమపక్క, వేరు జాగ్రత్త" అని పురమాయిస్తోంది. అంతలో ఒక నోరు టక్కున మూసుకుని ఆవిడ చిటికెనవేలి కొసను పట్టుకుంది.

"పట్టేసిందండీ నన్ను" అందావిడ నమ్మలేనట్టు. "గుడ్డు పెట్టిన చేతినే."

సరిగ్గా అప్పుడే భార్య వీడియో కాల్ చేసింది. ఇద్దరి చేతులూ నల్లగా ఉన్నాయి. అత్తగారికి ముక్కుకింద మట్టి మీసంలా అంటుకుంది.

"ఏం చేస్తున్నారు మీరిద్దరూ?"

"గాలి ఆడిస్తున్నాం" అన్నాడు అల్లుడు.

"దేనికి?"

"కిటికీకి" అంది అత్తగారు.

ఆ మాటతో మళ్లీ నవ్వు కట్టలు తెంచుకుంది. భార్య ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "ఏం తాగారు మీరు?" అని అడిగింది.

గుడ్డు తిన్న నోళ్లు నల్లబడి వాడిపోయాయి. వాటిని కత్తిరించారు. జిగురు మొక్క కుండీలో బూజు పలచగా మరోసారి తలెత్తింది. మళ్లీ తీశారు, ఇంక రాలేదు. కొత్త నోళ్లు బియ్యపుగింజల్లా పుట్టి, ఎర్రగా విచ్చుకున్నాయి.

ఒక సెలవురోజు మధ్యాహ్నం తెరిచిన కిటికీలోంచి ఈగ ఒకటి లోపలికొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అల్లుడు చప్పుడు కాకుండా కిటికీ మూశాడు. అత్తగారు విసనకర్రలా పేపరు మడిచింది. ఇక వంటిల్లు యుద్ధరంగమైపోయింది. ఈగని కుండీలవైపు తోలితే అది గిన్నెలమీదికి, గిన్నెలమీదనుంచి తోలితే దీపంమీదికి. చివరికి వచ్చి అల్లుడి బట్టతలమీద వాలింది.

"కదలకు" అంది అత్తగారు, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి గారూ గీరూ లేకుండా. అంటూనే అరచేత్తో ఠపీమని ఒక్కటిచ్చింది.

దెబ్బ పడ్డాక గాని ఆవిడకు తెలిసిరాలేదు ఏం చేసిందో. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

అల్లుడు నెత్తి తడుముకున్నాడు. "దొరికిందా అత్తా?"

"లేదు. నువ్వు కదిలావు."

ఆ మాట అంటుండగానే ఈగ తూలుతూ వెళ్లి ఎర్రటి నోట్లో వాలింది. రెండడుగులు వేసింది. టక్కున నోరు మూసుకుంది. అత్తాఅల్లుళ్లు చేతులు పట్టుకుని ఆ ఇరుకు వంటింట్లోనే గిర్రున తిరిగారు. ఒక గిన్నె కిందపడి దొర్లుకుంటూ పోయినా పట్టించుకోలేదు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఫోన్ కోసం పరిగెత్తారు.

"అమ్మాయికి నేను చెప్తాను. తోలింది నేను."

"కూర్చోబెట్టుకుంది నేను" అన్నాడు అల్లుడు, "నా నెత్తిమీద."