చేతికి తగిలిన వేడి

డ్రైవర్ ముత్యాలు లారీ మూడోసారి వచ్చి షాపు ముందు ఆగేసరికి మున్వర్ చేతిలో చాయ్ గ్లాసు ఉంది. ఆ గ్లాసు వేడిగా ఉందా లేదా అన్నది కూడా ఆ క్షణంలో ఆయనకు తేలలేదు.

"మళ్లా వచ్చినవా?"

"అవ్ చాచా. అదే కత. రాళ్లగుంపు కాడికి రాంగనే స్టీరింగ్ బిగుసుకపోతుంది. పైపు మీద చెయ్యి పెట్టనిస్తలేదు."

మున్వర్ గ్లాసు పక్కన పెట్టి లారీ ముందుకు నడిచాడు. భద్రాచలంలో చర్ల రోడ్డు మీద ఆయనది రేడియేటర్ల షాపు. వాళ్ల నాన్న ఇల్లందులో బొగ్గు లారీలకు రేడియేటర్లు అతికిన మనిషి. ఆయన కొడుక్కి వదిలి వెళ్లింది నాలుగు పనిముట్లు, ఒక అలవాటు. ఏ పైపు మీదైనా అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాలి. ఐదు దాకా ఉంచగలిగితే బండి బాగున్నట్టు, మూడుకే తీసేయాల్సి వస్తే లోపల ఏదో తేడా ఉన్నట్టు. నలభై ఏళ్లుగా మున్వర్ ఆ లెక్క మీదే బతికాడు. చేతిలో గన్ను లాంటిది పట్టుకుని దూరం నుంచే వేడి కొలిచే కొత్త మెకానిక్‌లను చూస్తే ఆయనకు ఒళ్లు మండుకొస్తుంది. తాకకుండా బండి గురించి ఏం తెలుస్తుందని అందరినీ నిలదీసేవాడు.

ఈమధ్య నిలదీయడం మానేశాడు. దానికి కారణం షుగర్. అరికాళ్లలో, వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గొచ్చని, వేడి వస్తువులతో జాగ్రత్త అని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. రేడియేటర్లు అతికేవాడితో అనదగ్గ మాటేనా అది? పోయిన దసరాకు ఆయన అతికిన ఒక రేడియేటర్ నాలుగో రోజుకే కారుతూ తిరిగొచ్చింది. ఆ రోజు భార్య షాహీన్ ముందు కూర్చుని, ఇంకొక్క పని తన చేతి తప్పు వల్ల వెనక్కొస్తే షట్టర్ తాళాలు ఆమె తమ్ముడి కొడుకు అజారుద్దీన్‌కు ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు. ఆ కుర్రాడు అక్కడ సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పెడదామని ఏడాదిగా చూస్తున్నాడు. నాన్న పేరున్న బోర్డు కింద సెల్‌ఫోన్ కవర్లు.

ఇప్పుడు వెనక్కొచ్చిన పని సంగతి ఇది. లారీ తల్లాడ వెంకటేశ్వరరావుది. చర్ల అడవుల వైపు నుంచి జామాయిల్ కర్ర ఎత్తుకుని భద్రాచలం వస్తుంది. ఆ రోడ్డు మీద గుంతలూ మలుపులే తప్ప రోడ్డు తక్కువ. నిండు లోడుతో మెల్లగా, అటూ ఇటూ స్టీరింగ్ కోస్తూ రావాలి కనుక పవర్ స్టీరింగ్ ఆయిల్ వేడెక్కి సగం దారిలో స్టీరింగ్ మొండికేస్తుంది. రాళ్లగుంపు దగ్గర అరగంట ఆపి, చల్లారాక కదలడం ముత్యాలుకు ఏళ్లుగా అలవాటు. మూడు వారాల కింద సేటు విసిగిపోయి, ఆ అరగంట నష్టం నాకెందుకు, ఆయిల్ చల్లార్చే కూలర్ బిగించమని మున్వర్‌కు ఫోన్ చేశాడు.

కంపెనీ ఆ లారీకి కూలర్ ఇవ్వలేదు. బయటి సరుకు విజయవాడ నుంచి తెప్పించాడు మున్వర్. రెండు అరచేతులంత అల్యూమినియం జాలి, అందులో మెలికలు తిరిగిన గొట్టం. దాన్ని రేడియేటర్ ముందు గాలి తగిలే చోట పట్టీలతో బిగించాడు. స్టీరింగ్ నుంచి ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చే పైపును కోసి, మధ్యలో దీన్ని కలిపాడు. ఒత్తిడి ఉండే పైపు జోలికి పోలేదు, అక్కడ కలిపితే గొట్టం పగిలి ఊరంతా నూనె చిందుతుంది. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవైసార్లు తిప్పించాడు. లోపలి గాలి బుడగలై డబ్బాలోకొచ్చి పగిలిపోయింది. ఆయిల్ నురగ లేకుండా తేటగా నిలిచింది. పనిలో వంక పెట్టడానికి తనకే చోటు దొరకలేదు.

అయినా నాలుగు రోజులకు ముత్యాలు వచ్చి వేడెక్కుతోందన్నాడు. మున్వర్ చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. ఐదు కాదు, యాభై లెక్కపెట్టాడు. సేటుకు ఫోన్ చేసి, "ఏం తేడా లేదు రావు గారూ, బండి బాగుంది" అన్నాడు. మళ్లీ మూడు రోజులకు వచ్చాడు. మళ్లీ గోరువెచ్చనే. మళ్లీ అదే ఫోన్. ఈసారి ముత్యాలు ఏదో అనబోయి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నుంచి మున్వర్‌కు మనశ్శాంతి లేదు. అబద్ధం చెప్పే మనిషి కాడు ముత్యాలు. పదేళ్లుగా తెలుసు. అతనికి కాలుతున్నది తనకు వెచ్చగా తగులుతోందంటే తేడా ఎక్కడున్నట్టు? వంటింట్లోకి పోయి దించిన కూర గిన్నె తాకి, ఇది వేడిగా ఉందా అని షాహీన్‌ను అడిగాడు. ఇప్పుడే దించిన గిన్నె వేడిగా ఉండక ఇంకెలా ఉంటుందని ఆమె ఎదురడిగింది. వేడిగానే తగిలింది ఆయనకు. కానీ గిన్నె అని తెలిసి తగిలిందా, నిజంగా తగిలిందా? మర్నాడు జ్వరం చూసే మీటర్ జేబులో వేసుకెళ్లి ఒక ట్రాక్టర్ పైపుకు ఆనించాడు. అది జ్వరం దాటిపోయిందని చెప్పి కీచుమంటూ ఊరుకుంది. పక్క షాపు వాళ్ల గన్ను అడుగుదామా అంటే, ఇన్నాళ్లూ అన్న మాటలు గుర్తొచ్చి అడుగు పడలేదు.

ఇదిగో, ఇవాళ మూడోసారి.

పైపు మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చన. చెయ్యి తీసి, తన చేతినే పరాయివాడి చేతిలా తిప్పి చూసుకున్నాడు.

"నీ చెయ్యి పెట్టు ముత్యాలూ."

ముత్యాలు పెట్టాడు. చటుక్కున తీసేశాడు. "కాలుతుంది చాచా" అన్నాడు, ఎటో చూస్తూ.

మున్వర్ స్టూలు మీద కూర్చున్నాడు. చివరికి, "రేపు నేను గూడ వస్త. లోడెత్తినకాడి నుంచి నీతోనే ఉంట. నా కండ్ల ముంగట వేడెక్కాలె" అన్నాడు.

సేటుకూ అదే చెప్పాడు. "మంచిదే మున్వర్ భాయ్. మీరు చూసి చెప్పండి చాలు. ఆ ముత్యాలు మాట నేను నమ్మను, మీ మాటైతే నమ్ముతాను" అన్నాడు వెంకటేశ్వరరావు.

మర్నాడు పొద్దున్నే చర్ల దాటి లోపలికి వెళ్లి, కర్ర ఎత్తుకుని బయల్దేరారు. మున్వర్ ఊరికే కూర్చోలేదు. ప్రతి నాలుగు కిలోమీటర్లకూ ఆపించి, దిగి, పైపు పట్టుకుని లెక్కపెట్టి మళ్లీ ఎక్కాడు. గుంతల్లో, మలుపుల్లో కళ్లన్నీ ముత్యాలు చేతుల మీదే పెట్టాడు. స్టీరింగ్ ఎక్కడా మొరాయించలేదు. నిండు లోడు లారీని ముత్యాలు రెండు వేళ్లతో తిప్పుతున్నాడు. అది చూస్తుంటే మున్వర్‌కు అయోమయం ఇంకా పెరిగింది. చెయ్యి పాడైందనుకుందాం, కళ్లు కూడా పాడయ్యాయా?

రాళ్లగుంపు దగ్గర ముత్యాలు లారీని పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. అక్కడ ఊరేమీ కనిపించదు. రోడ్డు పక్క ఒక బండరాయి, దాని వెనక నుంచి చెట్లలోకి పోయే కాలిబాట, అంతే.

"ఏందిరా, ఆపినవ్?"

"ఈడనే చాచా. వేడెక్కుద్ది."

మున్వర్ దిగి పైపు పట్టుకున్నాడు. గోరువెచ్చన. జాలి పట్టుకున్నాడు. అదీ అంతే. కోపం తన్నుకొచ్చి తల ఎత్తాడు. ముత్యాలు పైపు వైపే చూడటం లేదు. కాలిబాట వైపు చూస్తున్నాడు.

పది నిమిషాలకు ఆ బాటలో మనుషులు వచ్చారు. చీపురు కట్టలు నెత్తిన పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల వెనక, కర్ర ఊతంగా, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ ఒక ముసలామె. ఆమె కుడికాలి పిక్కకు పాత చీర పేలిక చుట్టి ఉంది. పేలిక మీద పసరు ఆకుపచ్చగా ఎండిపోయింది. ఈగలు ముసురుతున్నాయి.

"ఆమె పేరు చిన్నక్క," అన్నాడు ముత్యాలు మెల్లగా. "కట్టెలు కొడుతుంటే గొడ్డలి తగిలింది. మూడు దినాలకోపారి భద్రాచలం పెద్ద దవాఖానాల కట్టు కట్టించుకోవాలె. ఆటోలు ఈ రోడ్డుకు రావు. నేను ఈడ ఆపినప్పుడు ఎక్కేది. ఇయ్యాల ఆపుతనని కబురు పంపిన."

మున్వర్ అతని ముఖంలోకి చూశాడు.

"కూలర్ పెట్టినంక ఆపుడు బందైంది చాచా. సేటు ఫోన్ల బండి ఏడ ఆగిందో కనబడుతది. ఎందుకాగినవ్ అంటడు. మనుషులను ఎక్కించుకోవద్దంటడు, ఒకసారి ఎవరో జారిపడితే కేసయింది ఆయనకు. మునుపైతే ఆయిల్ వేడి అని చెప్పేటోణ్ణి. అది నిజమే గద. ఇప్పుడు వేడి లేదాయె. రెండు వారాల నుంచి ఈమెకు కట్టు లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె? మీరు అబద్ధమాడరనే గద సేటు మీ మాట వినేది. మీకే ఏమన్న తేడా కనబడుతదేమో అని పట్టుకొస్తున్న."

అంటే తాను చేసిన ఆ రెండు ఫోన్లూ ఈ కాలి మీదే పడ్డాయన్నమాట. మున్వర్‌కు ఆ సంగతి మెల్లగా లోపలికి దిగింది.

చిన్నక్క లారీ ముందుకొచ్చి ఆగింది. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. ముత్యాలును కోయ భాషలో ఏదో అడిగింది, అతను కూలర్ వైపు చూపించాడు. ఆమె వంగి, జాలి మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచింది. మున్వర్‌కు తెలియకుండానే లోపల లెక్క మొదలైంది. ఐదు దాటింది. పది దాటింది. ఆమె చెయ్యి తీయలేదు. ఏదో అంది.

"ఏమంటుంది?"

"దీని వల్లనేనా బండి ఆగుతలేదు అంటుంది. మేక కడుపంత వెచ్చగుంది, ఇంతేనా అంటుంది."

మున్వర్ కళ్లు మూసుకున్నాడు. తన చెయ్యి నిజమే చెప్పింది. మూడుసార్లూ నిజమే చెప్పింది. ఇన్ని రోజులుగా గుండెల మీదున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. దిగిన సంతోషం ఒక నిమిషమైనా నిలవలేదు, ఎదురుగా ఆ పేలిక కనిపిస్తూనే ఉంది.

ఆడవాళ్లను ఎక్కించుకుని కదిలారు. చిన్నక్క కాలు చాపుకోవడానికి మున్వర్ తలుపు వైపు ఒదిగి కూర్చున్నాడు. అక్కడ ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. పోలీసు క్యాంపు దగ్గరికొస్తేనే గీతలు పడతాయి. అక్కడిదాకా పావుగంట. ఆ పావుగంటలో ఆయనకు నాన్న పేరున్న బోర్డు గుర్తొచ్చింది, అజారుద్దీన్ గుర్తొచ్చాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పి సేటును బతిమాలితే పోదా అనిపించింది. కేసు భయం ఉన్నవాడు ఒప్పుకుంటాడా? ఒప్పుకోకపోగా ముత్యాలును మాన్పించేస్తాడు. ఆ దారి మూసుకుపోయింది.

క్యాంపు దాటుతుండగా ఫోన్ దానంతటదే మోగింది.

"ఏమైంది మున్వర్ భాయ్? చూశారా? వేడెక్కుతుందా?"

మున్వర్ తన అరచెయ్యి చూసుకున్నాడు. పక్కన ముత్యాలు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు, కానీ లారీ వేగం తగ్గింది.

"అవ్ రావు గారూ. ఎక్కుతుంది. రాళ్లగుంపు కాడ అరగంట ఆపాల్సిందే."

"పోయిన రెండుసార్లూ బాగుందని మీరే అన్నారుగా."

"అన్న. నా చేతికి తెల్వలే. షుగర్ ఉంది గద, స్పర్శ తగ్గింది. తప్పు నాదే, ముత్యాలుది కాదు."

వెంకటేశ్వరరావు మెత్తగానే అన్నాడు. "సరేలెండి. దాని మీద ఇంక డబ్బేం పెట్టను, మునుపట్లాగే ఆపుకుంటూ రమ్మనండి. నా రెండో లారీ మాత్రం ఖమ్మంలో చూపించుకుంటాను. ఏమీ అనుకోకండి. వయసు మీద పడింది కదా, మీరూ ఇక విశ్రాంతి తీసుకోండి."

"అట్లనే," అన్నాడు మున్వర్.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సేటు తిట్టి ఉంటే బాగుండేది. రేపీపాటికి ఈ మాట ఊళ్లో బ్రిడ్జి సెంటర్ దాకా వస్తుంది, ఎల్లుండికి షాహీన్ చెవిన పడుతుంది. చేతికి స్పర్శ పోయినవాడికి ఇక ఎవరూ బండి అప్పజెప్పరు. తాళాలు ఇచ్చేటప్పుడు ఆమెకు నిజం చెప్పుకోవచ్చు. మిగతా భద్రాచలానికి చెప్పుకోలేడు. అది కష్టంగా ఉంది. చాలా కష్టంగా ఉంది.

చిన్నక్క ఇదంతా వింటూనే ఉంది. వేడి, చెయ్యి అన్న మాటలు ఆమెకూ తెలుసు. మున్వర్‌నూ, ముందు అద్దం అవతల కూలర్ ఉన్న వైపూ మార్చి మార్చి చూసి, ముత్యాలు భుజం తట్టి అడిగింది. ముత్యాలు నవ్వబోయి, నవ్వు రాక ముక్కు తుడుచుకున్నాడు.

"ఏమంటుందిరా?"

"తాను గూడ పట్టుకొని చూసిందట. వెచ్చగనే ఉండె గద, ఈయనెందుకు వేడి అని చెప్పిండు అంటుంది. ఏమని చెప్పాలె చాచా?"

ఆమె ముఖం నిండా ఆ అయోమయమే ఉంది. పొద్దుటిదాకా అది తన ముఖం మీద ఉండేదని మున్వర్‌కు తెలుసు. ఆమె కాలి కింద మడత పెట్టిన గోనెసంచి జారిపోతుంటే సరిచేసి పెట్టాడు.

"నా చేతికి వేడి తగిలిందని చెప్పు," అన్నాడు.