మేపక్కర్లేని పెట్టె

ఆ పొద్దున ఆకాశం మాసిన రేకులా ఉంది. మబ్బు కదల్లేదు. వానా పడలేదు, ఎండా రాలేదు. లేత్ మేస్త్రి కుడిచేతికి కట్టుతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. బొటనవేలూ చూపుడువేలూ మిషన్‌లో పోయాయి.

మంచం మీదున్నన్నాళ్లూ అతను ఆ వేళ్ల ఊసెత్తలేదు. పైకప్పు చూస్తూ కంప్యూటర్ గురించే ఆలోచించాడు. రోజూ షిఫ్టు దిగాక దానిమీద కార్ల పందెం ఆడేవాడు. ఏ మీటకి ఏ పని అప్పజెప్పినా కాదనదు అది. ఎడమచేత్తో మలుపులు తిప్పొచ్చు. భార్య పాత కుట్టుమిషన్ పెడల్‌కి తీగలు లాగి కీబోర్డుకి కలిపితే యాక్సిలరేటర్ కాలితో తొక్కొచ్చు. ఆ ఒక్కటీ చేతనైతే మిగతావి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు.

గదిలోకెళితే బల్ల ఖాళీగా ఉంది. టీవీ కింద తెల్లటి పెట్టె ఒకటి. దాని పక్కనే బావమరిది, పెళ్లికొడుకులా నవ్వుతూ. వాడు సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తాడు.

"నా కంప్యూటరేదీ?"

"పీడ వదిలించా బావా! ఏనుగు అది. కొనడం ఒకెత్తు, మేపడం ఇంకొకెత్తు. ఇవాళ గ్రాఫిక్స్ కార్డు పాతబడిందంటుంది, రేపు మెమరీ చాలదంటుంది. తీరా ఆడదామని కూర్చుంటే అప్‌డేటంటుంది. దాన్ని అమ్మిన డబ్బుతో టీవీకి తగిలించుకునే ఈ గేముల పెట్టె వచ్చేసింది. ఇది మేక. కట్టేసిన చోటే పడుంటుంది. సోఫాలో జారబడి నొక్కడమే."

"మేకకి మాత్రం మేతక్కర్లేదేంట్రా? ఒక్కో ఆట ఎంత పెట్టి కొన్నావో మీ బావకి చెప్పు," అంది మేస్త్రి భార్య.

"నువ్వూరుకో అక్కా."

"మీరు చూసి సంతోషిస్తారని, నన్ను కూడా చెప్పొద్దన్నాడండీ," అందామె మొగుడితో.

బావమరిది టీవీలో కార్ల పందెం పెట్టి, ఆడే రిమోట్ చేతికిచ్చాడు. మేస్త్రి దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కొత్త పనిముట్టుని చూసినట్టు తిరగేసి చూశాడు. ఒక్కో బొటనవేలికీ తిప్పడానికి ఒక్కో పుల్ల. యాక్సిలరేటర్ కుడి చూపుడువేలి కింద. కట్టు మీద ఆనించి చూశాడు. జారి ఒళ్లో పడింది. మళ్లీ ఆనించాడు, మళ్లీ జారింది. టీవీలో కార్లన్నీ వెళ్లిపోయాయి. అతని కారు గీత మీదే ఆగి ఉంది. అతను దాన్ని పక్కింటివాళ్ల టీవీ చూసినట్టు చూశాడు.

బావమరిది మొహంలో నవ్వు పోయింది.

"చిన్నది కదా, ఒళ్లో పెట్టుకుని ఆడుకుంటావనుకున్నా బావా... పర్లేదు, ఇది వెనక్కిచ్చేసి అదే తెస్తా. సాయంత్రానికల్లా తెస్తా."

"ఎవరికమ్మావు?"

వాడు తెల్ల పెట్టెని అటూ ఇటూ సర్దాడు.

"అడుగుతున్నారు కదరా."

"ఒకడికి కాదక్కా. మొత్తంగా అమ్మితే ఎవడూ రేటు కట్టడు. అందుకే విప్పి అమ్మా. కార్డొకడు, మెమరీ ఒకడు. బోర్డు ఎవడో పొరుగూరాయన తీసుకెళ్లాడు. కీబోర్డు ఊరికే ఇచ్చేశా."

"ఓసారి ఆయన్నడగరా అని అప్పుడే..." అని ఆపేసిందామె. కంప్యూటర్ చుట్టి తీసుకెళ్లడానికి పాత దుప్పటి ఇచ్చింది తనే.

"మంచి రేటే వచ్చిందా?" అన్నాడు మేస్త్రి.

"వచ్చింది బావా."

"సరే. ఆ టీవీ కట్టెయ్."

తనకి కోపం వస్తుందేమోనని మేస్త్రి కాసేపు చూశాడు. రాలేదు. ఏదీ రాలేదు. బావమరిది చెప్పులేసుకోబోతుంటే, "తినెళ్లు," అన్నాడు.

ముగ్గురూ కూర్చున్నారు. మేస్త్రి ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు. అన్నం సగం నోటికి, సగం పళ్లెంలోకి. భార్య కలిపి పెట్టబోయి, అతని మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. బావమరిది తినడం ఎప్పుడో అయిపోయింది. వేళ్లకి అన్నం ఎండిపోతున్నా, బావ పళ్లెం ఖాళీ అయ్యేదాకా వాడు లేవలేదు.