మిట్ట మీది ఉచ్చులు

ఉచ్చులోడికి సంకెళ్లు వేసి పోలీసులు తేయాకు తోటలోంచి నడిపించుకుపోతుంటే, ఆకు కోసేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకప్పుడు అతనితో పొగాకు పంచుకున్నవాళ్లే. అతని చేత ఇనప పళ్ల ఉచ్చులు వేయించిన తోట దొర మాత్రం బంగళా వసారాలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. అదీ న్యాయం!

అడవి జంతువులకు అలాంటి ఉచ్చులు వేయకూడదు, దగ్గరుంచుకున్నా నేరమే. అది చట్టం. పందుల కోసమంటూ దొర పై మిట్ట నిండా వేయించాడు. అసలు సంగతి అందరికీ తెలుసు, కట్టెల కోసం కూలివాళ్లు అటు తొంగిచూడకూడదని. మొన్న వానల్లో, ఆకు కోసేవాళ్లంతా పిన్ని అని పిలిచే ఆమె కాలు ఓ ఉచ్చులో పడింది. ఇప్పుడామె కర్ర లేనిదే అడుగు వేయలేదు. పోలీసులకు ఉచ్చులోణ్ణి వేలెత్తి చూపింది ఆమే. దొరను అడిగితే, "ఉచ్చులా? నాకేం తెలుసు!" అన్నాడు.

ఉచ్చులోడి పెళ్లాం గడపలో నిలబడి అంతా చూసింది. పిన్ని కాలు పోయిన రోజు నుంచీ ఈమెతో ఎవరూ మాట్లాడటం లేదు. ఇంట్లో ఉప్పున్నా కొట్టుకు వెళ్లి ఉప్పు అడిగేది. "ఎంత కావాలమ్మా?" అని కొట్టువాడు అడుగుతాడు కదా, ఆ ఒక్క మాట కోసం. మొగుడు చేసింది తప్పేనని ఆమెకు తెలుసు. తెలిసీ వాడి కోసమే గుండె కొట్టుకుంటుంటే ఏం చేస్తుంది పాపం!

మర్నాడు మేస్త్రీ అందరినీ పై మిట్టకు పొమ్మన్నాడు. బుట్టలు భుజాన వేసుకున్నవాళ్లు అక్కడే ఆగిపోయారు. ఉచ్చులు ఎక్కడెక్కడున్నాయో తెలిసినవాడు ఒక్కడే. వాణ్ణే జైలుకు పంపి చప్పట్లు కొట్టారు.

"ఉచ్చులోణ్ణి పట్టుకుపోయారుగా, ఇంకా ఉచ్చులేంటి?" కసిరాడు మేస్త్రీ. "తోటలో ఒక్కటి కూడా లేదని దొర సర్కారుకు చెప్పేశాడు. నడవండి!"

ఎవరూ నడవలేదు. అందరూ ఆకు తూచే షెడ్డులో చేరారు. ఉచ్చులోడి పెళ్లాన్ని పిలిపించారు.

"నీ మొగుడు ఎక్కడెక్కడ పెట్టాడో చెప్పు."

"ఇన్నాళ్లకు గుర్తొచ్చానా?" అంది ఆమె. "నాకు తెలీదు. ఒట్టు. తెలిసుంటే పిన్నిని అటు పోనిచ్చేదాన్నా?"

కూలీల సంఘం నడిపే సంఘం అన్న లేచాడు. "ఉచ్చు ముట్టుకుంటే నేరం మన మీదికొస్తుంది. అర్జీ పెడదాం."

"పెట్టన్నా. అది ఆఫీసులన్నీ తిరిగొచ్చేలోపు ఇంకెవరి కాలు పోవాలి?" అంది ఉచ్చులోడి పెళ్లాం. "నాకు కర్రివ్వండి. నేను ముందు నడుస్తా. ఎవరూ రాకపోయినా పోతా."

పిన్ని తన చేతికర్ర ఎత్తింది. "దీని నోట్లో మన్ను కొట్టాం మనం. తోడు కూడా పోకపోతే మనుషులమేనా?"

పొడుగు కర్రలు పట్టుకుని వరసగా, భుజం భుజం ఆనించి, నేల పొడుస్తూ మిట్ట ఎక్కారు. ఠప్! ఒక ఉచ్చు కర్రను కొరికింది. కాస్త పైన ఇంకొకటి. మేస్త్రీ కింద నుంచి అరిచాడు.

"ముట్టుకున్నారో, జైలే!"

"దొర వేయిస్తే కాపలా, మేం తీస్తే నేరమా? పోరా!" అంది పిన్ని. సంఘం అన్న అర్జీ మాట మరిచిపోయి ఓ ఉచ్చు భుజానికెత్తుకున్నాడు.

తలా ఒకటి మోసుకుని స్టేషనుకు వెళ్లారు. అధికారి బల్ల మీద, కుర్చీల మీద, నేల మీద ఇనప పళ్లే.

"ఎవరివి ఇవి?"

"మా చేతుల్లో ఉన్నాయిగా, మావే. దగ్గరుంటే నేరమన్నారు. రాయండి కేసు."

"ఏడిసినట్టుంది! ఇంతమందిని ఎక్కడ పెట్టను?"

"అది మీ తిప్పలు. లేదా వేయించినవాణ్ణి తీసుకురండి."

ఉచ్చులోడి పెళ్లాం లాకప్పు ఊచల్లోంచి తొంగిచూసింది. గది ఖాళీ. "నా మొగుడేడి?"

"నిన్ననే పట్నం జైలుకు పంపేశాం."

ఆమె అక్కడే కూలబడింది. వీళ్లందరితో కలిసి వాడి ముందు నిలబడాలని అంత దూరం వచ్చింది. అందరూ ఉన్నారు, వాడొక్కడే లేడు. అంతమంది మధ్యలోనూ దిక్కులేనిదానిలా అనిపించింది.

పిన్ని కుంటి కాలు చాపుకుని ఆమె పక్కన చతికిలబడింది. "నీ మొగుణ్ణి నేను క్షమించలేదే. క్షమించను కూడా. కానీ జైల్లో వాడొక్కడే ఉండటం నాకు నచ్చలేదు. పక్కన దొర ఉండాలి."

ఆమెకు ఏడుపులో నవ్వొచ్చింది. పిన్ని భుజం మీద తల వాల్చింది.

అధికారి గేటు మూయించి లాఠీలు తెప్పిస్తున్నాడు. అప్పుడే బయట ఇనుము గలగలమంది. సంగతి విని వచ్చిన పక్క తోట ఆడవాళ్లు గేటు పొడవునా నిలబడ్డారు, తలా ఓ ఉచ్చుతో.

"మా మిట్ట మీదివయ్యా ఇవి. గేటు తియ్యండి, బరువుగా ఉన్నాయి."