పులివెందుల నుంచి వచ్చిన పెట్టె

ఊరికే వచ్చేదేదైనా సర్దార్‌కు అనుమానమే. ఆరో తరగతిలో బడి మానేసి పంచర్ల సామాను పట్టుకున్న మనిషి, ఇప్పుడు యాభైకి దగ్గరపడినాడు. ఇన్నేండ్లలో తనకు ఊరికే వచ్చినవేంటివని ఎప్పుడన్నా తల్చుకుంటే జ్వరాలు, పక్కింటోళ్ల సలహాలు తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు. అట్లాంటి మనిషికి ఒకరోజు పొద్దున, రోడ్డు పక్క తన రేకుల బంకు ముందర కూచోని సైకిల్ ట్యూబును నీళ్లతొట్లో ముంచి బుడగలు చూస్తాంటే, ఫోనొచ్చింది.

"సర్దార్ అంటే నువ్వేనా అప్పా? ప్రొద్దుటూరు బస్టాండు, పార్సిలాఫీసు నుంచి మాట్లాడతాండా. నీ పేరుమీద పెట్టె వచ్చింది. వచ్చి ఎత్తుకపో."

"నాకు పెట్టె ఎవరు పంపుతారప్పా? ఇంకో సర్దార్ అయ్యుంటాడు, బాగా చూడు."

"నంబరు నీదే గదా. పులివెందుల నుంచి వచ్చింది."

పులివెందుల అనేసరికి చేతిలోని ట్యూబు తొట్లోకి జారింది. పులివెందులలో సర్దార్‌కు తెలిసిన పురుగు లేదు. ఉండేది వాళ్లూరి ఓబుళరెడ్డికి. ఆయన వియ్యంకుడు ఆడనే.

ఇదంతా సర్పంచి ఎలక్షన్ల మాట. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దావలో ఉంటాది వాళ్ల ఊరు. ఈసారి ఓబుళరెడ్డికీ, పోయినసారి గెలిచిన ఆదినారాయణకూ పోటీ. ఊర్లో ప్రతి ఇల్లూ ఏదో ఒక పక్క. ఏ పక్కా కాని మనిషి సర్దార్ ఒక్కడే. మంచితనం వల్ల కాదు. అతని పంచర్ల బంకు ఉండేది పంచాయతీ జాగాలో. ఎవరు గెలిచినా బంకు ఉండాలంటే ఎవరి టీ గూడా తాగకూడదు, ఎవరి కండువా గూడా ముట్టకూడదు. ఇరవై ఏండ్ల నుంచి అట్ల నోరు కుట్టుకోని బతికినాడు. ఆ బంకు పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోయినట్లే.

పోకుండా ఉందామనుకున్నాడు. మళ్ల, తాను పోకపోతే ఆఫీసోడు ఊర్లో ఎవరినో ఒకరిని అడుగుతాడు, పెట్టె సంగతి ఊరంతా పాకుతాదని తోచింది. పన్నెండు గంటల బస్సుకు ఎక్కినాడు.

ప్రొద్దుటూరు బస్టాండులో పార్సిళ్ల గుమాస్తా పెట్టెను బల్ల మీదికి తోసినాడు. సర్దార్ రెండు వేళ్లతో దాన్ని కొంచెం జరిపి చెవి పెట్టి విన్నాడు.

"ఏం భాయ్, అట్ల వణుకుతాండావు? పులివెందులకు బాంబులేమన్నా చెప్పినావా?" అన్నాడు గుమాస్తా.

వరసలో నిలబడినోళ్లంతా పకపకా నవ్వినారు. నవ్వుకుంటానే అందరూ తలా ఒక అడుగు ఎనక్కి జరిగినారు. మన జిల్లాలో పెట్టె అంటే అంత మర్యాద.

"నువ్వే కొయ్యప్పా, నీ ముందరనే చూద్దాం," అన్నాడు సర్దార్.

గుమాస్తా బ్లేడుతో అట్ట కోసినాడు. లోపల కాగితపు ముక్కల్లో పడుకోని ఉండాయి, బ్యాటరీ లైట్లు. బొటనవేలంత ఒకటి. నీళ్ల సీసా అంత లావుది ఒకటి. నుదుటికి కట్టుకునే పట్టీది ఒకటి. ఇంకా చిన్నవీ పెద్దవీ ఎన్నో. ఏ రెండూ ఒక తీరు లేవు. కొన్నింటికి రంగు గీసుకపోయి, చేతుల్లో తిరిగినట్లుండాయి.

సర్దార్ గబుక్కున అట్ట మూసినాడు. మూడు రోజుల కిందటనే ఓబుళరెడ్డికి ఎలక్షన్ గుర్తు వచ్చింది. ఆ గుర్తు బ్యాటరీ లైటు. గోడల మీద, ఆటోల మీద, ఊరంతా బ్యాటరీ లైటే.

'అన్నీ ఒకే రకం కొంటే దొరికిపోతారని తలా ఒక రకం ఏరి పెట్టినారు,' అనుకున్నాడు. 'పాతవి కలిపింది గూడా అందుకే. ఊర్లో తన తరపున పంచనీకె నన్ను దొరకబట్టినాడు రెడ్డి.' పెట్టె మీద పంపినోని పేరు వివేక్ అని, కింద ఫోన్ నంబరు ఉంది. గుమాస్తా "ఫోన్ చేసి అడగరాదూ" అన్నాడు. సర్దార్ తలకాయ అడ్డంగా ఊపినాడు. ఫోన్ చేస్తే ఆ నంబరు ఫోన్లో ఉండిపోతాది. రేపు ఎవరన్నా చూపిస్తే ఏం చెప్పాల?

పెట్టెకు మళ్ల టేపు చుట్టించుకోని బస్సెక్కినాడు. జమ్మలమడుగులో బస్సు మారాల. ఆడ బస్టాండు బెంచీ మీద పెట్టె ఒళ్లో పెట్టుకోని కూచోనుంటే, ఎదురుగా వచ్చి నిలబడినాడు పవన్. ఆదినారాయణ తమ్ముని కొడుకు, పెదనాయనకు ఊర్లో కండ్లూ చెవులూ వాడే.

"ఏం సర్దార్ మామా, పసిబిడ్డను పెట్టుకున్నట్లు పెట్టుకున్నావే. ఏంది సరుకు?"

"ట్యూబులప్పా. సైకిల్ ట్యూబులు."

"ట్యూబులు ఇంత బరువుంటాయా?" అని పవన్ పెట్టెను మోకాలితో పొడిచినాడు.

లోపల ఏదో టక్కుమనింది. అట్ట సందులోంచి తెల్లటి వెలుతురు గీత మాదిరి వచ్చి పవన్ ప్యాంటు మీద పడింది. ఇద్దరూ ఆ గీతనే చూస్తా ఉండిపోయినారు.

"ఈ మధ్య ట్యూబులకు కరెంటు గూడా ఇస్తాండారా మామా?" అన్నాడు పవన్. నవ్వినాడు గానీ కండ్లు నవ్వలేదు. ఊరి బస్సులో వాడు ముందు సీట్లో కూచోని దోవంతా ఫోన్ మాట్లాడతానే ఉండాడు.

ఇంటికొచ్చి పెట్టె దించితే సర్దార్ భార్య ఖమ్రున్నీసా లైట్లు ఒక్కొక్కటి తీసి చూసింది.

"ఇవి ఎలక్షన్ లైట్లు మాదిరి లేవే. ఎవరో బాగా సాకినట్లుండాయి. ఆ ఫోన్లో నీ లైట్ల గుంపోళ్లు పంపినారేమో!"

ఆ గుంపు కథ ఏందంటే, సర్దార్ నాయన కువైట్ నుంచి తెచ్చిన ఇత్తడి బ్యాటరీ లైటు ఒకటి ఉంది ఇంట్లో. నాయన పోయినాక దాని స్విచ్చి పాడైపోయింది. బ్యాటరీ లైట్లంటే పిచ్చి ఉండేవాళ్లు ఫోన్లో ఒక గుంపుగా ఉంటారని ఎవరో చెబితే, సర్దార్ ఆడ చేరి ఇత్తడి లైటు ఫోటో పెట్టి, స్విచ్చి యాడ దొరుకుతాదని అడిగినాడు. ఎవరూ సొంత పేరు పెట్టుకోరు ఆడ. మిణుగురు అంట ఒకడు, గబ్బిలం అంట ఇంకొకడు. నాయన లైటును చూసి ఆహా ఓహో అన్నారు. స్విచ్చి పంపుతాం అడ్రస్ చెప్పన్నా అన్నాడు మిణుగురు. చెప్పినాడు. ఆ పొద్దుతో అందరూ గమ్మునైపోయినారు. ఏమడిగినా జవాబు లేదు. నెల చూసి సర్దార్ ఒకరోజు 'అంతా దొంగనాయాళ్లు' అని పెట్టి బయటికొచ్చేసినాడు.

"వాళ్లా?" అన్నాడు ఇప్పుడు. "ఒక స్విచ్చికి గతిలేనోళ్లు ఇన్ని లైట్లు పంపుతారా? ముఖం తెలీని నాకు? పైగా వాళ్లను తిట్టి వచ్చినా."

"ఆ నంబరుకు ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోతాది?"

"పోయేది బంకు. నీకు తెల్దు, నోరు మూసుకో."

మరుసటి రోజు పొద్దున, ఊరు నిండుగా మేలుకోని ఉండే వేళ చూసి, సర్దార్ పెట్టెను సైకిల్ క్యారియర్‌కు కట్టినాడు. చాటుగా ఇస్తే చాటుగా తీసుకున్నట్లయితాది, అందరూ చూడాల అని అతని లెక్క. చావడి ముందర నుంచి, టీకొట్టు ముందర నుంచి సైకిల్ తోసుకుంటా పోయి, ఓబుళరెడ్డి ఇంటి అరుగు మీద పెట్టె దబ్బుమని దించినాడు.

"రెడ్డీ, నీ సరుకు నువ్వే పెట్టుకో. నేను ఏ పక్కా కాదు. పులివెందుల నుంచి నా పేరుమీద తెప్పించడం న్యాయం కాదు."

ఓబుళరెడ్డి పండ్లపుల్ల నోట్లోంచి తీసినాడు. పెట్టె తెరిచి చూసినాడు. ఒక్క గడియ ఆయన ముఖంలో ఏమీ అర్థం కాని చూపు కనపడింది. సర్దార్ దాన్ని చూసినాడు. చూసి, 'ఎంత నటన!' అనుకున్నాడు. ఆ గడియ దాటినాక రెడ్డి ముఖం వెడల్పయింది.

"సరేలే సర్దారూ. తెచ్చినావు గదా, ఆడ పెట్టిపో. శానా మంచి పని చేసినావు."

మంచి పని ఏందో సర్దార్‌కు సాయంత్రానికి గానీ తెలీలేదు. దూదేకుల వీధిలో గుల్జార్‌బీ నుదుటికి లైటు కట్టుకోని ఇంకా వెలుతురుండంగానే నీళ్ల బిందె మోస్తాంది. "ఎవరిచ్చినారు పిన్నీ?" అంటే, "నువ్వు తెచ్చిచ్చినావంట గదా నాయనా, రెడ్డి చెప్పినాడు. సాయిబులంతా మన పక్కే, సర్దారే సొంతంగా లైట్లు తెచ్చినాడు అని," అనింది.

సర్దార్ బంకుకు వచ్చి కూలబడినాడు. అప్పుడు మోగింది ఫోను.

"అన్నా, సలామ్. నేను వివేక్‌ను, పులివెందుల. మన లైట్ల గ్రూపులో గబ్బిలం అంటే నేనే. లైట్లు నచ్చినాయా?"

సర్దార్ ఫోను ఇంకో చెవికి మార్చినాడు.

"మీ నాయన లైటు ఫోటో చూసినాక అందరూ తలా ఒకటి తమ దాంట్లోంచి ఇద్దామన్నారన్నా. నెల్లూరు, విజయవాడ, బెంగళూరు, యాడాడివో. నేను నీకు దగ్గరగదా, అందుకని నా దగ్గరికి చేర్పించినారు. నీకు తెలీకూడదని గ్రూపులో ఎవరూ నోరు మెదపలేదు. నువ్వు తిట్టి పోయినా కొంచెం నవ్వుకున్నాం, అంతే. అడుగున అట్ట కింద స్విచ్చి పెట్టినాం, చూసినావా? ఆదివారం వస్తాన్నా నీ బంకుకు. ఆ ఇత్తడి లైటు కండ్లారా చూడాల."

"అందినాయి," అన్నాడు సర్దార్. "బాగుండాయి."

అబద్ధం చెప్పినాడా నిజం చెప్పినాడా అతనికే తెలీలేదు. పరుగెత్తినట్లు ఓబుళరెడ్డి ఇంటికి పోయినాడు. లైట్లు ఎప్పుడో ఇండ్లకు చేరిపోయినాయి. "తిరిగి అడిగితే ఓట్లు తిరిగిపోతాయప్పా, నీకు తెలీనిదా?" అన్నాడు రెడ్డి. ఖాళీ పెట్టె ఎద్దులు మేసే గాడిపాడు పక్కన చెత్తలో పడుంది. దాంట్లో కోడిపెట్ట కూచోనుంది. సర్దార్ కోడిని తోలి, అట్ట లేపి చూసినాడు. చిన్న కవరు, కవర్లో స్విచ్చి. దాన్ని పిడికిట్లో పట్టుకోని, దొంగతనం చేసినోని మాదిరి అటూ ఇటూ చూసి బయటపడినాడు.

శనివారం పొద్దున ఆదినారాయణ ట్రాక్టరు బంకు ముందర నిలబడింది. పవన్ దిగినాడు.

"కాలువ పని ఉంది మామా. బంకు తీయాల."

"యాడి కాలువప్పా? ఇరవై ఏండ్ల నుంచి లేని కాలువ?"

"అదీ నిజమే. ఇరవై ఏండ్ల నుంచి నువ్వు ఏ పక్కా లేవు గదా, కాలువ గూడా లేదు."

"అవి ఆ రెడ్డివి కాదు పవన్. అల్లా మీద ఒట్టు. నా లైట్లే అవి. నాకెవరో ఊరికే పంపినారు."

"ఊరికేనా?" అన్నాడు పవన్. ఆ ఒక్క మాట అచ్చం సర్దార్ గొంతు మాదిరే ఉంది. సర్దార్ అయినా నమ్మేవాడు కాదు.

బంకుకు గొలుసు కట్టి ఈడ్చుకపోయి ఊరవతల గడ్డిలో పారేసినారు. ఓబుళరెడ్డి దగ్గరికి పోతే, "గెలవనీ, చూద్దాం," అన్నాడు. చూసే ముఖం కాదది.

ఆదివారం వివేక్ మోటార్ సైకిల్ మీద వచ్చినాడు. ముప్పై దాటని సన్నపాటి మనిషి, మందుల షాపులో పని. పాత జాగా పక్కనే వేపచెట్టు కింద గోనెపట్ట పరిచి, నీళ్లతొట్టి, గాలిపంపు పెట్టుకోని కూచున్న సర్దార్‌ను చూసి ఆగినాడు.

"బంకు అంటివే అన్నా?"

"రిపేరుకు పోయింది."

వివేక్ గోనెపట్ట అంచున కూచోని, "లైట్లు ఇంట్లో ఉండాయా?" అన్నాడు.

"ఊర్లో ఉండాయి."

"పంచిపెట్టినావా! గ్రూపులో చెబితే ఎంత సంతోషపడతారో!"

సర్దార్ ఆ పిల్లోని ముఖంలో యాడన్నా మడత కనపడుతాదేమోనని వెతికినాడు. కనపడలేదు. కనపడకపోవడమే అతనికి ఇంకా నచ్చలేదు.

"ఒక మాట చెప్పు అప్పా. దీంట్లో మీకేం వస్తాది?"

"ఏం రాదన్నా. లైట్లు ఊరికే అరల్లో ఉండాయి. నీకైతే పనికొస్తాయనుకున్నాం."

సర్దార్ గోనెపట్ట కిందినుంచి నాయన ఇత్తడి లైటు తీసినాడు. రాత్రే దానికి కొత్త స్విచ్చి బిగించినాడు. అరచేయి అడ్డం పెట్టి నొక్కితే, ఎండలో గూడా వేళ్ల సందులు ఎర్రగా వెలిగినాయి. వివేక్ నోరు తెరుచుకోని చూసినాడు. దాన్ని రెండు చేతులతో తీసుకోని, తిప్పి తిప్పి చూసి, తిరిగిచ్చినాడు.

"అట్లనే పట్టుకో అన్నా. గ్రూపు వాళ్లకు ఒక్క ఫోటో పంపుతా."

సర్దార్ లైటును ఎదకు ఆనించుకోని కూచున్నాడు. వివేక్ ఫోను ఎత్తినాడు. సర్దార్ తల తిప్పి ఎనక్కి చూసినాడు. బంకు పీకిన జాగా నల్లగా, నాలుగు పలకలుగా, నూనె మరకలతో ఉంది.

"ఇటుపక్క నుంచి తియ్యప్పా," అన్నాడు. "ఫోటోలో ఆ జాగా పడనియ్యొద్దు."