చప్పుడు లేని స్విచ్చులు

నా పాత కీబోర్డును మా ఆయన గోడకేసి కొట్టాడు. అంతకుముందుది నా వీపు మీద విరిగింది. "టకటకా టకటకా, తల పగిలిపోతోంది!" అని ఆయన గొడవ. ఆ టకటకతోనే ఇల్లు గడుస్తోందన్న సంగతి మాత్రం ఆ తలకెక్కదు.

మాటలు వింటూ అప్పటికప్పుడు టైపు చెయ్యడం నా పని. ఒక కంపెనీ మీటింగుల్లో ఎవరేం మాట్లాడినా నేను ఇంట్లో కూర్చుని హెడ్‌ఫోనులో విని కొడతాను. ఆ అక్షరాలు వాళ్ళ తెరల కింద వరసగా పడతాయి. అక్కడి మేనేజరమ్మకు చెవులు బొత్తిగా వినపడవు. ఆవిడ కోసమే ఈ ఏర్పాటంతా. ఇంకోసారి మధ్యలో ఆగిపోతే నన్ను తీసేస్తామన్నారు. ఆ ఉద్యోగం కూడా పోతే ఆయన కాళ్ళ కింద పడి ఉండటం తప్ప నాకు వేరే దారి లేదు.

కొత్త కీబోర్డు కోసం వెళ్తే, షాపు పెద్దాయన ముందుగా వైర్‌లెస్‌వి పరిచాడు.

"వైరుదే కావాలండీ. బ్యాటరీ అయిపోతే అవతల ఒకావిడకి మాటలే ఉండవు."

"అయితే ఇది చూడమ్మా. మెకానికల్ది, స్విచ్చులు మార్చుకునే రకం. ఏ కీ మొరాయించినా దాని కిందున్న స్విచ్చు ఈ పట్టకారుతో లాగెయ్యి, కొత్తది పెట్టి నొక్కు. సోల్డరింగు గొడవే లేదు."

"గోడకేసి కొడితే?"

ఆయన నవ్వాడు. నా కంటి కింద కమిలిన చోటు చూశాక ఆ నవ్వు మింగేశాడు.

"బాడీ అల్యూమినియం. గోడకే దెబ్బ," అన్నాడు మెల్లగా.

తర్వాత స్విచ్చుల డబ్బాలు తీశాడు. టిక్కుమనేవి, గట్టిగా నొక్కాల్సినవి, అసలు చప్పుడే చెయ్యనివి. టిక్కుమనేవాటి మీద వేళ్ళు పెడితే ప్రాణం లేచొచ్చింది. అయినా మనసు చంపుకుని చప్పుడు లేనివి తీసుకున్నాను. చప్పుడు లేకపోతే దెబ్బలూ ఉండవనుకున్నాను. నా మొహం!

మర్నాడు మధ్యాహ్నం మీటింగు మొదలైంది. పక్కగదిలో పడుకున్న ఆయనకు టకటక వినపడలేదు. దాంతో నేను పని ఎగ్గొట్టి ఫోనులో మా అన్నయ్యకు చాడీలు చెబుతున్నానని తేల్చేసుకున్నాడు. తలుపు తన్నుకుని లోపలికొచ్చి, జుట్టు పట్టి నా తల బల్లకేసి కొట్టాడు. హెడ్‌ఫోను ఎగిరిపోయింది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది.

చెవిలో పడ్డది వేళ్ళలోంచి వచ్చెయ్యడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. మీటింగు మాటలు పోయి ఆయన మాటలు చెవిన పడ్డాయి. వేళ్ళు ఆగలేదు. మీటింగు వాళ్ళలో లేని మనిషి మాట్లాడితే పేరు బదులు వరస రాయడం మా పద్ధతి.

భర్త: ఎవరితోనే నీ ముచ్చట్లు? చంపి పాతరేస్తా.

(చెంపదెబ్బ)

భర్త: ఈ వేళ్ళుంటేగా నువ్వు ఎగిరేది!

ఎడమ చెయ్యి లాక్కుని చిటికెన వేలు వెనక్కి విరిచాడు. టప్పుమంది. నేను పెట్టిన కేకకు నా చెవులే దిబ్బెళ్ళు పడ్డాయి. మీటింగులో మాత్రం ఒక్కరూ వినలేదు, నా మైకు ఎప్పుడూ ఆపే ఉంటుంది. చెవులున్నవాళ్ళెవరూ తెర కింద అక్షరాల వంక చూడరు. వాళ్ళ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ క్షణాన వాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది.

తెర మూలన, నాకు మాత్రమే కనిపించే గడిలో మేనేజరమ్మ రాసింది: "చదువుతున్నాను. ఇది నిజమేనా?"

మా పనిలో సొంత మాట ఒక్కటీ రాయకూడదు. నేను ఏనాడూ రాయలేదు. ఆయన ఈసారి ఉంగరపు వేలు పట్టుకున్నాడు. నేను కుడిచేత్తో కొట్టాను.

భార్య: నిజం. చంపేస్తున్నాడు. రండి.

మేనేజరమ్మ కుర్చీలోంచి లేచి, కిందికి చూడమని అందరికీ వేలితో చూపించింది. పెదవులన్నీ ఆగిపోయాయి. ఆవిడ పక్కనున్నతను ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు మా ఆయన కూడా తెర వంక చూశాడు. తన మాటలు తన వరసతో సహా అందరి ముందూ ఉన్నాయి. నా వేలు వదిలేశాడు.

"చెరిపెయ్యవే," అన్నాడు.

"చచ్చినా చెరపను," అన్నాను. అన్నదాన్ని అన్నట్టే టైపు చేశాను.