వెండెల్ ఆఖరి చొక్కా

మా చెల్లెలి మొగుడు వెండెల్ పోయాక వాళ్ల ఇంట్లో కాలు పెట్టాలంటే నాకు భయంగా ఉండేది. మనిషి లేడు, వాసన మాత్రం ఉంది. చమురు బావుల దగ్గర పంపులు బాగుచేసేవాడు. క్రూడాయిలు, పొగాకు, చెమట కలిసిన ఆ వాసన అతని కుర్చీ పక్కకు వెళ్తే చాలు, గుప్పుమనేది. ఇప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్లాడేమో అనిపించేది.

మా చెల్లెలు లొరీన్‌కు ఆ భయం లేదు. తన దిగులంతా పాము మీదే. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలున్న కింగ్‌స్నేక్ అది. విషం లేదు గానీ తోటి పాముల్ని కూడా మింగేసే రకం. వెండెల్ దానికి జడ్జి అని పేరు పెట్టి పదేళ్లు పెంచాడు. సాయంత్రం పని నుంచి రాగానే కుర్చీలో కూలబడి అద్దాల పెట్టె తెరిచేవాడు. జడ్జి అతని చొక్కా చేతిలో దూరి కాలర్ దగ్గర తల బయటపెట్టేది. ఒక్కసారి కూడా కరవలేదు.

అతను పోయాక జడ్జి తిండి మానేసింది. దానికని ఫ్రీజర్లో దాచిన చచ్చిన ఎలుకను వేడినీళ్లలో వెచ్చబెట్టి, పటకారుతో మూతి దగ్గర ఆడించినా తల తిప్పుకునేది. వెన్నుపూస పైకి తేలింది.

"వాడు బెంగ పెట్టుకున్నాడక్కా," అంది లొరీన్.

"పాముకి బెంగేంటే, నీ మొహం!"

"వీడూ పోతే, ఆయన చెయ్యి ఎరిగిన ప్రాణి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే."



పాములు పెంచేవాళ్లకు ఒక చిట్కా ఉంది. తిండి మానేసిన పాముకు నచ్చే వాసన ఏదో ఎలుకకు పట్టించి పెడతారు. బల్లినో, వేరే పాము కుబుసాన్నో రుద్దుతారు. లొరీన్ మాత్రం ఉతక్కుండా దాచుకున్న వెండెల్ ఆఖరి చొక్కాతో రుద్దింది. జడ్జి లటుక్కున పట్టుకుంది.

"తిన్నాడక్కా!" అని ఫోన్లో ఏడుస్తూ నవ్వింది. చలికాలమంతా అలాగే పెట్టింది. పాము ఒళ్లు చేసింది. చచ్చిపోయినవాడి చొక్కాతో దాన్ని మేపడమేమిటో! తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించేది.

ఒక ఆదివారం చర్చి నుంచి అటే వెళ్లాను. లొరీన్ ఆ చొక్కా తొడుక్కుని వెండెల్ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఆయన కూర్చున్నట్టే కూర్చున్నా. వాడేం చేస్తాడో చూడు," అంటూ పెట్టె తెరిచి చెయ్యి లోపల పెట్టింది.

జడ్జి నాలుక ఆడిస్తూ చొక్కా చేతి అంచు దాకా వచ్చింది.

"గుర్తుపట్టాడే!" అంది. చెల్లెలి మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

అంతలోనే పాము ఎగిరి మణికట్టును బట్టతో సహా పట్టేసింది. చేతికి చుట్లు వేసింది. లొరీన్ కదల్లేదు.

"బిగిస్తున్నాడక్కా... ఎలుకని బిగించినట్టు."

తనను వంటింట్లోకి లాక్కెళ్లి పాము తల మీద చన్నీళ్ల కొళాయి తిప్పాను. అది వదిలేసరికి చొక్కా అంచు సగం దాని నోట్లోకి పోయింది. ఎలాగో లాగి, పామును పెట్టెలో పడేసి మూత బిగించాను.

లొరీన్ రక్తం వంక చూడనైనా లేదు. "పదేళ్లూ వాడికి ఆ వాసనంటే ఆయనే. నేను దాన్ని తిండి వాసన చేసేశాను," అంది.

చొక్కా విప్పింది. కుర్చీ మీది గుడ్డ ఊడదీసింది. అతని దిండు గలీబు లాగింది. అన్నీ వాషింగ్ మెషిన్ దగ్గరికి మోసుకెళ్లింది.

"పిచ్చిదానా, ఆ వాసన పోతే నీకేం మిగుల్తుంది? నా దగ్గర దాచిపెడతా, ఇలా ఇయ్యి!"

"దాస్తే మళ్లీ తెచ్చుకుంటాను. నా సంగతి నాకు తెలీదా? ఆయన వాసన తగిలితే చంపడానికి లేచే ప్రాణిగా వాణ్ని చెయ్యలేను. ఆయన పెంచాడు వాణ్ని."

తడవని కాలర్‌ను చాలాసేపు ముక్కుకు ఆనించుకుంది. తర్వాత నా చేతిలో పెట్టింది.

"నువ్వూ చూడక్కా. ఇంకెవరికి చూపించను?"

వాసన చూశాను. వెండెలే. ఈసారి భయం వేయలేదు, ఏడుపొచ్చింది. చొక్కా తిరిగిచ్చాను. లొరీన్ దాన్ని మెషిన్లో వేసి, మీద సబ్బు పోసింది.